80 దాటితే వణికే స్టీరింగ్

మన ఊళ్లలో ఏ టైర్ల షాపు బోర్డు చూసినా ‘వీల్ అలైన్‌మెంట్, వీల్ బ్యాలెన్సింగ్’ అని జంటగానే రాసి ఉంటుంది. ఏళ్ల తరబడి చదివీ చదివీ ఆ రెండూ ఒకే పని అనే భ్రమ మనలో స్థిరపడిపోయింది. స్టీరింగ్ వణుకుతోందని షాపుకు వెళ్తాం. ‘అలైన్‌మెంట్ చూడు బాబూ’ అంటాం. అతను చూస్తాడు, కంప్యూటర్ కాగితం చేతిలో పెడతాడు, డబ్బులిచ్చి వచ్చేస్తాం. బైపాస్ ఎక్కి 80 దాటగానే స్టీరింగ్ మళ్లీ మొదలెడుతుంది. అతను సరిగ్గా చేయలేదని తిట్టుకుంటాం. నిజానికి అతను సరిగ్గానే చేశాడు. మనం అడిగిందే వేరే పని.

అలైన్‌మెంట్ అంటే చక్రాలు ఏ కోణంలో నిలబడ్డాయి, ఎటు చూస్తున్నాయి అన్న లెక్క. అది తప్పితే కారు ఒక పక్కకు లాగుతుంది, స్టీరింగ్ కాస్త వంకరగా పట్టుకుంటే తప్ప బండి తిన్నగా పోదు, టైరు ఒక అంచున తొందరగా అరుగుతుంది. అంతేగానీ వణకదు. అలా ఎగుడుదిగుడుగా అరిగిన టైరు కొన్నాళ్లకు వణికించొచ్చు, అది తర్వాతి సంగతి. బ్యాలెన్సింగ్ అంటే తిరిగే చక్రం చుట్టూ బరువు సమంగా ఉందా లేదా అన్న లెక్క. స్టీరింగ్ వణుకుల్లో ఎక్కువ భాగం పుట్టేది ఇక్కడే. అయితే ఇక్కడ మాత్రమే పుట్టదు, చిక్కల్లా అదే. బ్రేకు డిస్కు, డ్రైవ్ షాఫ్ట్, వంగిన రిమ్ము, లోపల పొర విడిపోయిన టైరు, ఆఖరికి ఇంజన్ మౌంటింగు, ఇన్నిటి ఫిర్యాదూ మీ చేతికి అందేది ఒకే స్టీరింగ్ ద్వారా.

అందుకే ఈ అధ్యాయంలో మిమ్మల్ని నేను అడిగేది ఒక్కటే. ‘ఏం పోయింది?’ అన్న ప్రశ్నను కొన్నాళ్లు పక్కన పెట్టండి. ‘ఎప్పుడు వణుకుతోంది?’ అన్నదానికి సమాధానం కాగితం మీద పెట్టేదాకా ఒక్క పార్టు కూడా మార్పించకండి.

నాకు తెలిసిన ఒక లెక్కల మాస్టారు తెనాలిలో ఉంటారు. 2010 మోడల్ పెట్రోల్ స్విఫ్టు, సెకండ్ హ్యాండులో కొన్నారు. విజయవాడ వెళ్లేటప్పుడు జాతీయ రహదారి ఎక్కాక 85 దగ్గర స్టీరింగ్ వణికేది. అలైన్‌మెంట్ అయింది, లోయర్ ఆర్మ్‌లు మార్చారు, టై రాడ్ ఎండ్లు మార్చారు, ఒక పక్క వీల్ బేరింగ్ మార్చారు. ప్రతిసారీ ‘కొంచెం తగ్గినట్టే ఉంది’ అనుకుంటూ ఇంటికొచ్చేవారు. ఎంత తగ్గింది, ఏ స్పీడులో తగ్గింది అని అడిగితే ఆయన దగ్గర జవాబు లేదు. క్లాసులో పిల్లాడు సాధన లేకుండా జవాబు మాత్రం రాస్తే సున్నా వేసే మనిషి, కారు దగ్గరికొచ్చేసరికి జవాబులే కొనుక్కుంటూ పోయారు. ఆయన కథ మధ్యమధ్యలో వస్తూంటుంది.

ముందు రోడ్డు మీద

తెల్లవారి ట్రాఫిక్ లేని వేళ, గుంతల్లేని తిన్నని రోడ్డు చూసుకోండి. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకోండి. కాగితం, పెన్ను వాళ్ల చేతిలో ఉండాలి, మీ చేతులు స్టీరింగ్ మీద. టైర్లు చల్లగా ఉండగానే గాలి సరిచూసుకుని బయల్దేరండి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు తీస్తే కనబడే స్టిక్కరు మీద ఉంటుంది. గాలి కొట్టే కుర్రాడు ఏ కారుకైనా ఒకే అంకె కొడతాడు, అతన్ని అడక్కండి.

40 నుంచి మెల్లగా వేగం పెంచుతూ వెళ్లండి. వణుకు ఏ అంకె దగ్గర మొదలైంది, ఎక్కడ ముదిరింది, ఎక్కడ సద్దుమణిగింది? చేతులకు తెలుస్తోందా, సీటుకు తెలుస్తోందా? ముందు చక్రాల లోపం ఎక్కువగా స్టీరింగుకు వస్తుంది, వెనక చక్రాలది సీటుకూ కాళ్ల కింది ఫ్లోరుకూ వస్తుంది. ఇది శిలాశాసనం కాదు గానీ పదింట ఎనిమిది సార్లు పనికొచ్చే గుర్తు.

వణుకు బాగా ఉన్న స్పీడులో, ముందూ వెనకా ఎవరూ లేరని చూసుకుని, క్లచ్ తొక్కి గేరు న్యూట్రల్ చేయండి. ఇంజన్ మాత్రం ఆపకండి. ఇంజన్ ఆగితే స్టీరింగూ బ్రేకు పెడలూ రెండూ బరువెక్కుతాయి, తాళం చివరిదాకా తిప్పితే స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం కూడా ఉంది. న్యూట్రల్‌లో కారు జారుతుండగా వణుకు అలాగే ఉంటే దోషం చక్రంతో పాటు తిరిగేవాటిలో ఉంది: టైరు, రిమ్ము, డిస్కు, హబ్బు. న్యూట్రల్ పడగానే తగ్గిపోతే ఇంజన్ వైపు, డ్రైవ్ షాఫ్ట్ వైపు చూడాలి. ఈ ఒక్క పరీక్షతో అనుమానితుల జాబితా సగానికి పడిపోతుంది. మాస్టారి కారు న్యూట్రల్‌లోనూ వణికింది.

తర్వాత 90 నుంచి మెత్తగా బ్రేకు తొక్కుతూ రండి. బ్రేకు వేసినప్పుడే వణుకు వస్తోందంటే దారి వేరు, దాని సంగతి కింద చెప్తాను. ఆపైన మూడో గేరులో గట్టిగా యాక్సిలరేటర్ ఇవ్వండి. ఇచ్చినంతసేపూ ఊగి, కాలు తీయగానే మానేస్తే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటును అనుమానించాలి. చివరగా కారు ఆపి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి చూడండి. నిలబడి ఉన్న కారులోనూ వణుకుందంటే చక్రాల జోలికి పోనక్కర్లేదు. ఇంజన్ మౌంటింగులు చూపించండి.

రాసుకోవాల్సింది మరొకటుంది. వణుకు నిలకడగా ఉందా, పెరుగుతూ తరుగుతూ ఉందా? కొన్ని సెకన్లు ముదిరి, కొన్ని సెకన్లు మాయమై, ఒక మలుపు తిరిగాక రూపం మార్చుకుందంటే ఒకటి కాదు, రెండు చక్రాల్లో తేడా ఉండొచ్చు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరుగుతుంది కాబట్టి రెండిటి బరువు తేడాలు ఒకసారి కలిసి కొడతాయి, ఒకసారి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ‘ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు, మీరొచ్చినప్పుడే రాదు’ అని మెకానిక్ ముందు మనం తెల్లముఖం వేసే సందర్భాల్లో కొన్ని ఇవే.

ఊళ్లో రాని వణుకు హైవే మీద ఎందుకొస్తుంది

ఆ స్విఫ్టుకు ఉన్నవి 165/80 ఆర్14 టైర్లు. చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు. 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్ల పైచిలుకు, అంటే చక్రం సెకనుకు 11 సార్లకు పైగా తిరుగుతుంది. 90లో దాదాపు 13 సార్లు. రిమ్ము అంచున ఒకచోట 30 గ్రాములు ఎక్కువ ఉందనుకోండి. 90 స్పీడులో ఆ 30 గ్రాములు దాదాపు మూడున్నర కిలోల బరువంత బలంతో చక్రాన్ని బయటికి లాగుతాయి, అదీ సెకనుకు 13 సార్లు. వేగం సగమైతే ఆ బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే తెనాలి వీధుల్లో ఆ కారు పువ్వులా నడిచేది.

మరి 85 దగ్గర ముదిరి 110 దగ్గర ఎందుకు తగ్గుతుంది? చక్రం, బ్రేకు, దాన్ని మోసే భాగాలు అన్నీ కలిసి పైకీ కిందికీ ఆడే సహజ లయ ఒకటుంది. మామూలు కార్లలో అది సెకనుకు 10 నుంచి 15 సార్ల మధ్య ఉంటుంది. చక్రం తిరిగే వేగం ఆ లయతో కలిసిన దగ్గర వణుకు విజృంభిస్తుంది, దాటాక తగ్గినట్టనిపిస్తుంది. ‘వంద దాటించెయ్, పోతుంది’ అని సలహా ఇచ్చే బావమరుదులు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. లోపం ఎక్కడికీ పోదు, చేతికి తెలియడం మాత్రమే మానేస్తుంది. బేరింగులకు, బాల్ జాయింట్లకు ఆ దెబ్బలు తగులుతూనే ఉంటాయి.

ఇంజన్ వణుకు వేరేలా ఉంటుంది. టాకోమీటరు 2,400 చూపిస్తుంటే ఇంజన్ సెకనుకు 40 సార్లు తిరుగుతోందన్నమాట. అది చేతికి సన్నని జలదరింపులా తెలుస్తుంది. చక్రం వణుకు దానికంటే చాలా నిదానం. స్టీరింగ్ కుడిఎడమలకు కొట్టుకోవడం కంటికి కూడా కనబడుతుంది. ఒకసారి ఈ తేడా పట్టుబడితే మీ చేతులే సగం మెకానిక్.

టైరును చేత్తో చూడండి

కారు చదునైన నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రెండు పక్కలా రాళ్లు పెట్టి, జాకీతో ముందు చక్రాన్ని నేల నుంచి రెండు వేళ్లు లేపండి. జాకీ మీద నిలబడ్డ కారు కిందికి తల గానీ చెయ్యి గానీ పెట్టకండి. గేరు న్యూట్రల్‌లో ఉంచితే చక్రం చేత్తో తిరుగుతుంది.

ఒక ఇటుక తెచ్చి టైరు ముందు పెట్టి, దాని మీద స్క్రూడ్రైవరు ఆనించి, మొన టైరుకు తాకీ తాకనట్టు ఉంచండి. చక్రాన్ని నెమ్మదిగా తిప్పండి. సందు ఒకేలా ఉందా, ఒకచోట మూసుకుపోయి మరోచోట తెరుచుకుంటోందా? అదే పని రిమ్ము అంచు దగ్గరా చేయండి. స్క్రూడ్రైవరు మొన దగ్గర మిల్లీమీటరు తేడా కూడా స్పష్టంగా కనిపిస్తుంది. రిమ్ము గుండ్రంగా ఉండి టైరు మాత్రం ఒకచోట పొంగినట్టుంటే లోపలి పొర విడిపోయిందేమో చూడాలి. అలాంటి టైరును బ్యాలెన్స్ చేయించాలని ఆలోచించకండి, మార్చేయండి. రిమ్ము వంగి ఉంటే, అది ఇనుప రిమ్మయితే, బెండు తీసేవాళ్లున్నారు. అల్లాయ్ రిమ్ముకు పగులొస్తే మాత్రం వెల్డింగు పెట్టించి హైవే ఎక్కడం నాకు ఇష్టం లేని పని.

తర్వాత అరచెయ్యి. టైరు ముఖం మీద అడ్డంగా లోపలి నుంచి బయటికి రాయండి, మళ్లీ బయటి నుంచి లోపలికి. ఒక దిక్కున నున్నగా, మరో దిక్కున రంపంలా తగిలితే అలైన్‌మెంటులో తేడా ఉంది. చుట్టూ పొడవునా రాసినప్పుడు గుంటలు గుంటలుగా తగిలితే షాక్ అబ్జార్బర్లు బలహీనపడ్డాయని అనుమానించాలి. అలాంటి టైరును ఎంత బ్యాలెన్స్ చేసినా గుర్రుమంటూ వణికిస్తూనే ఉంటుంది.

పక్క గోడ మీద డాట్ (DOT) గుర్తు వరసలో చివరి నాలుగు అంకెలు చదవండి. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైన టైరు. పాత కారు తక్కువ తిరుగుతుంది కాబట్టి గాడి లోతు బ్రహ్మాండంగా ఉంటుంది, రబ్బరు మాత్రం ఎండి గట్టిపడి ఉంటుంది. నెలల తరబడి ఒకేచోట నిలబెట్టిన కారుకు నేలకు ఆనిన భాగం చదునుదేరుతుంది కూడా. కొత్త టైరయితే కొన్ని కిలోమీటర్లు నడిచాక మళ్లీ గుండ్రమవుతుంది. ముసలి టైరు మొండికేస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటే చవకైన పరీక్ష. ముందు చక్రాలు రెండూ వెనక్కి, వెనక చక్రాలు ముందుకి, అదే పక్కన మార్చి బిగించండి. పార్టులేవీ కొనక్కర్లేదు. అదే రోడ్డు మీద అదే స్పీడులో వెళ్లండి. మాస్టారి విషయంలో తాళం చెవి ఇదే అయింది. చక్రాలు మార్చాక స్టీరింగ్ దాదాపు నిశ్శబ్దమైపోయింది. వెనక సీట్లో కూర్చున్న ఆయన కూతురు మాత్రం ‘నాన్నా, ఇప్పుడు నా సీటు ఊగుతోంది’ అంది. ఆయన అంతకుముందు మార్పించిన పార్టుల బిల్లులేవీ ఇవ్వని జవాబు ఆ ఒక్క మాటలో దొరికింది. దోషం చక్రంతో పాటు వెనక్కి వెళ్లింది. అంటే ఆర్ముల్లో లేదు, స్టీరింగ్ రాక్‌లో లేదు, బేరింగులో లేదు. ఆ రెండు చక్రాల్లోనే ఉంది.

టైర్ల షాపులో నిలబడి చూడాల్సినవి

బ్యాలెన్సింగ్ జరిగేటప్పుడు టీ తాగడానికి వెళ్లకండి. మెషిను పక్కన నిలబడండి, మర్యాదగా. చక్రం లోపలి వైపు అంటుకున్న మట్టి గీకాడా? వానాకాలం తర్వాత రిమ్ము లోపల ఎండిన బురదే బోలెడంత బరువు తూగుతుంది. బరువు సమం చేయడానికి రిమ్ముకు కొట్టిన పాత సీసపు ముక్కలు అన్నీ పీకాడా, వాటి మీదే కొత్తవి కొడుతున్నాడా? ముక్క ఊడిపోయిన చోట రిమ్ము మీద శుభ్రమైన చిన్న మచ్చ కనబడుతుంది. అదొక్కటి కనబడినా మీ వణుకుకు కారణం దొరికినట్టే.

అసలు రహస్యం కోన్‌లో ఉంది. చక్రాన్ని మెషిను ఇరుసు మీద సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టేది ఆ కోన్. హబ్బులోకి దిగే నడిమి రంధ్రం దగ్గర మట్టో తుప్పో ఉన్నా, సైజు కలవని కోన్ వాడినా చక్రం కాస్త పక్కకు కూర్చుంటుంది. మెషిను ఆ తప్పు కూర్చోబెట్టడాన్నే కొలిచి, దానికి తగ్గ సీసం అడిగి, చివరికి రెండు పక్కలా సున్నా చూపిస్తుంది. ‘చూడండి సార్, జీరో జీరో’ అంటాడు. అబద్ధం కాదు, కానీ ఆ జీరో మెషిను మీద కూర్చున్న తీరుకే చెల్లుతుంది, కారు హబ్బుకు కాదు. దీన్ని పట్టుకోవడానికి ఒక మాట అడగాలి: ‘తమ్ముడూ, ఒక్కసారి నట్టు వదులు చేసి, చక్రాన్ని సగం తిప్పి, మళ్లీ బిగించి తిప్పుతావా?’ 5, 10 గ్రాములు కనబడితే ఫరవాలేదు. 20, 30 కనబడితే చక్రం మధ్యలో కూర్చోలేదు, మొదటినుంచీ చేయాలి. ఈ మాట అడిగితే కొందరు ముఖం చిట్లిస్తారు. పని తెలిసినవాడు మాత్రం మీ వైపు ఒకసారి తేరిపార చూసి, మారుమాట్లాడకుండా నట్టు విప్పుతాడు.

మెషినుకు తెలిసేది బరువే, ఆకారం కాదు. కోడిగుడ్డులా ఉన్న టైరుకు కూడా సీసం కొట్టి సున్నా తెప్పించొచ్చు, రోడ్డు మీద అది ఎత్తెత్తి వేస్తూనే ఉంటుంది. ఒకే చక్రం 80, 100 గ్రాములు అడుగుతుంటే ఎందుకు అడుగుతోందో ఆలోచించాలి గానీ కొట్టుకుంటూ పోకూడదు. మాస్టారి రెండు చక్రాల్లో ఒకటి అలాగే అడిగింది. షాపతను టైరు విప్పించి లోపల వేలు పెట్టాడు. ‘ఇదేంటి మాస్టారూ, ఇందులో పంక్చరు లిక్విడ్ పోయించారా?’ మాస్టారికి తెలియదు, పాత యజమాని పోయించి ఉండాలి. పంక్చరు పడకుండా పోసే ఆ ద్రవం ఏళ్లు గడిచేకొద్దీ ఎండి, ఒక పక్క జిగురు ముద్దలా పేరుకుపోయింది. గీకి కడిగాక ఆ చక్రం మామూలుగా పాతిక గ్రాములతో సర్దుకుంది.

చక్రం కారుకు బిగించేటప్పుడు కూడా అక్కడే ఉండండి. హబ్బు ముఖం మీద తుప్పు పొర ఉంటే తీగ బ్రష్షుతో రుద్దించాలి. నట్లు ముందు చేత్తో ఎక్కించి, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. గాలి గన్నుతో ఒక నట్టును చచ్చేలా బిగించి పక్కదానికి వెళ్లే పద్ధతి చక్రాన్ని వంకరగా కూర్చోబెడుతుంది, డిస్కును కూడా పీడిస్తుంది. నట్ల బిగింపు (టార్క్) చిన్న కార్లకు సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ కారు అంకె మాన్యువల్‌లో చూసుకోండి. టార్క్ రెంచి ఉన్న షాపు మీ ఊళ్లో ఒక్కటున్నా దాన్నే అంటిపెట్టుకోండి.

బ్రేకు వేసినప్పుడే వణికితే

‘డిస్కు వంగిపోయింది సార్’ అంటారు. చాలాసార్లు వంగడం కాదు, డిస్కు మందం చుట్టూ ఒకేలా లేకపోవడం. జిరాక్సు కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటరు ఉంటుంది. అందులో సగం తేడా ఉన్నా ప్యాడ్లు చక్రం తిరిగిన ప్రతిసారీ ఒకచోట గట్టిగా, ఒకచోట వదులుగా పట్టి, స్టీరింగును ఆడించగలవు, పెడలు కూడా పాదం కింద కొట్టుకుంటుంది. స్టీరింగ్ నిమ్మళంగా ఉండి సీటూ పెడలూ మాత్రమే కొట్టుకుంటే వెనక డ్రమ్ములు చూడమనండి.

లేత్ పట్టించడం, డిస్కులు మార్చడం రెండూ దారులే. కనీస మందం డిస్కు మీదే పోత పోసి ఉంటుంది, అంతకంటే పల్చబడితే లేత్ వద్దు. కానీ ఒక చోద్యం చాలామందికి జరుగుతుంది. కొత్త డిస్కులు వేయించాక మొదట్లో హాయిగా ఉంటుంది, కొన్ని వేల కిలోమీటర్లకు మళ్లీ అదే వణుకు. డిస్కులు నాసిరకమని తిట్టుకుంటాం. తరచూ జరిగేదేమిటంటే, పాత హబ్బు మీది తుప్పును రుద్దకుండా కొత్త డిస్కును దాని మీదే కూర్చోబెడతారు. వెంట్రుకవాసి వంకరగా కూర్చున్న డిస్కు తిరిగిన ప్రతిసారీ ఒకేచోట ప్యాడును ముద్దాడుతుంది, బ్రేకు వేయకపోయినా. ఆ చోటే మెల్లగా అరిగి మందం తేడా పడుతుంది. అయిదు నిమిషాల తీగ బ్రష్షు పని మానేసినందుకు రెండు కొత్త డిస్కులు పోతాయి.

మన డ్రైవింగ్ వాటా కూడా కొంత ఉంది. తిరుమల కొండ దిగేటప్పుడు మలుపు మలుపుకీ బ్రేకు మీదే కాలు ఉంచి దిగుతాం, దిగగానే అలిపిరి దగ్గర ఆగి బ్రేకు నొక్కి పట్టుకుంటాం. కాలిపోతున్న ప్యాడు పదార్థం ఆ ఒక్కచోటే డిస్కుకు అంటుకుంటుంది. రెండో గేరులో, ఇంజన్ పట్టు మీద దిగడం నేర్చుకుంటే డిస్కులు ఎక్కువ కాలం మన్నుతాయి. దిగిన వెంటనే వేడి చక్రాల మీద నీళ్లు కొట్టించకండి.

చప్పుడూ, ఆటా

యాక్సిలరేటర్ ఇచ్చినప్పటి వణుకు గురించి చెప్పాల్సింది తక్కువ. డ్రైవ్ షాఫ్ట్ రబ్బరు బూట్లు చిరిగి గ్రీజు చిమ్మిందేమో టార్చి వేసి చూడండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నడిపితే టకటకమంటే బయటి జాయింటు, తిన్నగా పోతూ ఇంజన్ బరువు పడినప్పుడు ఊగితే లోపలి జాయింటు.

ఆట, అంటే జాయింట్లలో వదులు, చూడటానికి ముందు చెప్పినట్టే చక్రాన్ని మళ్లీ జాకీతో లేపండి. రెండు చేతులతో పైనా కిందా పట్టుకుని ఊపండి, తర్వాత ఎడమా కుడీ పట్టుకుని ఊపండి. ఎడమా కుడీ మాత్రమే ఆడితే టై రాడ్ ఎండు గానీ రాక్ ఎండు గానీ. పైనా కిందా ఆడితే ఇంకొకరిని బ్రేకు తొక్కమనండి: తొక్కగానే ఆట మాయమైతే బేరింగు, మిగిలితే బాల్ జాయింటు. బేరింగుకు ఇంకో గుర్తు దాని అరుపు. ఒక పక్కకు తిప్పినప్పుడు హెచ్చి, మరో పక్కకు తిప్పినప్పుడు తగ్గుతుంది.

సగం తగ్గిందంటే ఏమిటి అర్థం

అసలు విషయం ఇక్కడ ఉందని నా అభిప్రాయం. పాత కార్లో వణుకుకు తరచూ ఇద్దరు కారకులుంటారు. పుట్టించేది ఒకటి, మోసుకొచ్చేది ఒకటి. 15 గ్రాముల తేడా కొత్త కారుకు కూడా ఉండొచ్చు. దాని బుష్షులు, జాయింట్లు గట్టిగా ఉండి ఆ వణుకును మింగేస్తాయి. అదే 15 గ్రాములు పదిహేనేళ్ల కారులో, చిరిగిన లోయర్ ఆర్మ్ బుష్షుల మీదుగా యథాతథంగా మీ అరచేతుల్లోకి వస్తాయి. అందుకే మాస్టారు ఆర్మ్‌లు మార్పించినప్పుడు నిజంగానే కొంచెం తగ్గింది. ఆ ఖర్చు పూర్తిగా వృథా కాదు, బుష్షులు నిజంగానే చిరిగి ఉన్నాయి. మోసుకొచ్చేవాణ్ని బాగుచేసి, పుట్టించేవాణ్ని అలాగే వదిలేశారు, అంతే.

కాబట్టి ఏదైనా పని చేయించాక ‘పోలేదు’ అని నిట్టూర్చకండి. మీ కాగితం తీసి, అదే రోడ్డు, అదే గాలి, అదే మనుషులతో మళ్లీ వెళ్లి రాయండి. 85 దగ్గర మొదలయ్యేది ఇప్పుడు 95 దగ్గర మొదలవుతోందా? చేతుల్లోంచి సీటులోకి పోయిందా? మారిన ప్రతి అంకె ఒక సాక్ష్యం. ఇది పనికిరావాలంటే ఒకసారికి ఒక్కటే మార్చాలి. టైర్లు, ఆర్మ్‌లు, డిస్కులు మూడూ ఒకే శనివారం మార్పిస్తే వణుకు పోవచ్చు, ఎందుకు పోయిందో మాత్రం మీకు తెలియదు, ఆర్నెల్లకు తిరిగొస్తే మళ్లీ మొదటికే. డబ్బులుంటే అలా చేయడం తప్పని నేననను. పాత కారు నడిపేవాళ్లకు సాధారణంగా ఉండవు.

షెడ్డులో ఏం చెప్పాలి

‘బ్యాలెన్సింగ్ చెయ్యి’, ‘ఆర్మ్‌లు మార్చు’ అని తీర్పు చెప్పకండి. తీర్పు చెబితే మెకానిక్ ఆ పని చేసి బిల్లు ఇస్తాడు, వణుకు బాధ్యత అతనిది కాదు. ఇలా చెప్పండి: ‘85 దగ్గర మొదలై 100కి తగ్గుతోంది. చేతులకు వస్తోంది, సీటుకు రావట్లేదు. న్యూట్రల్ చేసినా ఉంది. బ్రేకు వేస్తే మారట్లేదు. చక్రాలు ముందువి వెనక్కి వేస్తే సీటుకు పోయింది.’ ఈ అయిదు మాటలు విన్న మంచి మెకానిక్ కారును లిఫ్టు మీదకు ఎక్కించకముందే ఎక్కడ చూడాలో నిర్ణయించుకుంటాడు. విజయవాడ ఆటోనగర్‌లో గానీ మీ వీధి చివరి షెడ్డులో గానీ చేతి పని తెలిసినవాళ్లకు కొదవ లేదు. వాళ్లకు అందనిది మీరు హైవే మీద పడ్డ అనుభవమే, ఎందుకంటే వాళ్లు ట్రయల్ వేసేది షెడ్డు ముందు రోడ్డులో, 40 స్పీడులో. కుదిరితే పక్కన కూర్చోబెట్టుకుని ఒకసారి బైపాస్ దాకా తీసుకెళ్లండి.

పని అయ్యాక 50, 100 కిలోమీటర్లు తిరిగి చక్రాల నట్ల బిగువు మళ్లీ చూపించండి. తేదీ, కిలోమీటర్లు, ఏ చక్రం ఏ మూలన ఉంది అన్నది అదే కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డు అరలో పెట్టండి.

ఇంతవరకూ చెప్పిందంతా నెలల తరబడి ఉన్న వణుకు గురించి. నిన్నటిదాకా లేక ఇవాళ హఠాత్తుగా మొదలైతే ఈ పరీక్షలేవీ వద్దు. మెల్లగా పక్కకు తీసి ఆపండి, ట్రాఫిక్ లేని వైపు దిగి నాలుగు చక్రాల నట్లూ, టైర్ల పక్క గోడలూ చూడండి. ముందురోజే టైరు మార్పించి ఉంటే నట్లు వదులై ఉండే అవకాశం ఎక్కువ. వీల్ స్పానరు డిక్కీలోనే ఉంటుంది, అక్కడే బిగించండి. టైరు మీద బుడిపె కనిపిస్తే స్టెప్నీ వేసి నెమ్మదిగా దగ్గరి షాపుకు చేరండి. ఏదీ కనిపించక, స్టీరింగ్ చేతిలో వదులుగా ఆడుతున్నట్టుంటే, లేదా తిప్పినప్పుడు కింద టకీమని విరిగిన చప్పుడు వస్తుంటే, ‘ఇంకో పది కిలోమీటర్లే కదా’ అనుకోకండి. బండిని అక్కడే వదిలి టోయింగ్ వ్యాను పిలిపించండి.